ఆకాశరామన్నే నయం

ఆకాశరామన్న ఉత్తరం అంటే ఏమిటో తెలుగువాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. పై అధికారికి ఫిర్యాదు, కుదిరిన సంబంధం మీద పుల్లవిరుపు, పక్కింటివాడి మీద అక్కసు... విషయం ఏదైనా కింద సంతకం ఉండదు. అయినా ఆకాశరామన్నకు ఒక పద్ధతుంది. తన పేరు దాచుకుంటాడే గానీ మీ మేనమామ పేరు పెట్టడు. స్పామ్ పంపేవాడికి ఆ పాటి మొహమాటం కూడా లేదు. మీ బ్యాంకు పేరుతో వస్తాడు, మీ పిల్లాడి కాలేజీ పేరుతో వస్తాడు, ఒక్కోసారి మీ పేరే పెట్టుకుని మీకే ఉత్తరం రాస్తాడు.

ఇన్నేళ్లుగా మనం ఎక్కువగా నమ్ముకున్నది లోపలి సంగతి చదివి పసిగట్టే ఫిల్టర్లను. లాటరీ, కేవైసీ, ఆఖరి అవకాశం లాంటి మాటలు కనిపిస్తే పక్కన పడేయడం వాటి పని. ఈ ఆట ఎప్పటికీ తెగదు, ఎందుకంటే మాటలు మార్చడం వాడికి క్షణంలో పని. పంపినవాడు ఎవరో ముందు తేలితే ఆ తర్వాత ఏ ఫిల్టరైనా బాగా పనిచేస్తుంది. అది తేల్చే పనిముట్లు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్. మూడూ కలిసి అందుబాటులోకి వచ్చి పదేళ్లు దాటింది. డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాతి పేరు) ఉన్నవాళ్లెవరైనా పైసా ఖర్చు లేకుండా పెట్టుకోవచ్చు. చాలా సంస్థలు పెట్టుకున్నాయి కూడా. కాకపోతే చివరి మెట్టు ఎక్కకుండా ‘పీ=నన్’, అంటే దొంగ మెయిల్ వచ్చినా ఏమీ చేయొద్దు, అనే చోట ఆగిపోయాయి. తలుపుకు గొళ్లెం బిగించి వేయకుండా వదిలేసినట్టు. నా గొడవంతా ఆ గొళ్లెం గురించే.

ముందు అసలు లోపం ఎక్కడుందో చూద్దాం. మెయిల్ ఇప్పటికీ నడుస్తున్న పద్ధతిని జాన్ పోస్టెల్ 1982 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 821 అనే ప్రమాణ పత్రంగా రాశారు. కొన్ని యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు మాత్రమే ఉన్న నెట్‌వర్క్ అది. ఒకరినొకరు ఎరిగినవాళ్ల మధ్య గుర్తింపు కార్డు అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. రెండు సర్వర్లు మాట్లాడుకునే తీరు ఇలా ఉంటుంది. పంపే సర్వర్ ముందు తన పేరు చెబుతుంది. తర్వాత ‘మెయిల్ ఫ్రమ్’ అని ఒక చిరునామా ఇస్తుంది. అవతలి సర్వర్ 250 అంటుంది, అంటే సరే అని. ‘ఆర్‌సీపీటీ టు’ అని ఎవరికి చేరాలో చెబుతుంది. మళ్లీ 250. ‘డేటా’ అంటుంది. అవతలి నుంచి 354, అంటే ఇక చెప్పు అని. అప్పుడు మొత్తం ఉత్తరం వెళుతుంది. అందులో మళ్లీ ఇంకో ‘ఫ్రమ్’ ఉంటుంది. చివరకు మీ ఫోన్లో కనిపించేది ఈ రెండోదే.

కవరు మీద పంపినవారి చిరునామా ఒకటి, లోపల ఉత్తరం చివర ‘ఇట్లు’ కింద ఉండే పేరు ఇంకొకటి అనుకోండి. పోస్టాఫీసు కవరు చూస్తుంది, మీరు ‘ఇట్లు’ చూస్తారు. రెండూ ఒకటేనా అని అడిగే నాథుడు లేడు. రెండూ అబద్ధమైనా 250 అనే సమాధానం వస్తుంది. కవరు మీద ఎవరో అమాయకుడి చిరునామా వేసి లక్ష మెయిళ్లు పంపితే, చేరనివన్నీ తిరుగుటపాలో ఆ అమాయకుడి నెత్తిన పడతాయి. ‘నేను పంపనే లేదు, ఈ డెలివరీ ఫెయిల్యూర్ మెయిళ్లేమిటి’ అని అడిగేవాళ్లకు జవాబు ఇదే.

2004 జనవరిలో దావోస్‌లో బిల్ గేట్స్ ఇంకో రెండేళ్లలో స్పామ్ సమస్య తీరిపోతుందన్నారు. అదే ఏడాది ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ ఈ గుర్తింపు పని కోసం పెట్టిన బృందం, మైక్రోసాఫ్ట్ పేటెంట్ల గొడవ మధ్య ఏమీ తేల్చకుండానే సెప్టెంబరులో మూతపడింది. ఆ తర్వాత ఎవరి దారిన వాళ్లు చేసుకున్న పనుల్లోంచే ఇప్పుడున్న మూడూ నిలిచాయి.

ఎస్‌పీఎఫ్ కవరును చూస్తుంది. ‘మా డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఈ ఐపీలకే (సర్వర్ల నంబర్లకే) ఉంది’ అని, డొమైన్ల వివరాలుండే బహిరంగ చిట్టా డీఎన్‌ఎస్‌లో ఒక టెక్స్ట్ రికార్డు పెడతారు. అందుకునే సర్వర్ కవరు మీది డొమైన్ తీసుకుని, ఆ జాబితాలో ఎదుటి ఐపీ ఉందో లేదో చూస్తుంది. రాయడం ఒక్క లైనే, తప్పులు మాత్రం బోలెడు. ఒక డొమైన్‌కు ఒకే ఎస్‌పీఎఫ్ రికార్డు ఉండాలి. కొత్త సర్వీసు తీసుకున్నప్పుడల్లా వాళ్లిచ్చిన లైనును పాతదాని పక్కన ఇంకో రికార్డుగా అతికిస్తారు. రెండు కనిపించాయంటే రెండూ చెల్లవు, పర్మనెంట్ ఎర్రర్ వస్తుంది. పాత లైనులోనే, ఆ సర్వీసు జాబితాను కూడా కలుపుకోమనే ‘ఇంక్లూడ్’ చేర్చాలి. ఆ చేర్చడానికీ హద్దుంది. ఆర్‌ఎఫ్‌సీ 7208 ప్రకారం ఒక రికార్డును విప్పడానికి 10కి మించి డీఎన్‌ఎస్ ప్రశ్నలు వేయకూడదు. రికార్డులో రాసే ఇంక్లూడ్, ఏ, ఎమ్‌ఎక్స్, రీడైరెక్ట్ లాంటి మాటలు లెక్కలోకి వస్తాయి. నేరుగా రాసిన ఐపీలు రావు. మీరు నాలుగు ఇంక్లూడ్లే రాసినా వాటి కడుపులో ఇంకో ఏడు ఉంటే 11వ దగ్గర ఎర్రరే.

దీనికి కొందరు చెప్పే చిట్కా ఇంక్లూడ్లన్నీ తీసేసి వాటి ఐపీలను నేరుగా రాసేయడం. నా మాట వింటే ఆ పని చేయకండి. సర్వీసువాళ్లు చెప్పాపెట్టకుండా ఐపీలు మారుస్తారు, ఆ రోజు మీ ఫీజు రసీదులు స్పామ్‌లో పడతాయి, కారణం తేలడానికి వారం పడుతుంది. వార్తాలేఖకు ఒక సబ్‌డొమైన్ (మీ డొమైన్ కిందే ఉండే పిల్ల పేరు), బిల్లులకు ఒక సబ్‌డొమైన్ ఇచ్చేయండి. ప్రతి సబ్‌డొమైన్‌కూ విడిగా పది ప్రశ్నల కోటా ఉంటుంది.

రికార్డు చివర ఉండేది ‘ఆల్’. దాని ముందు ప్లస్ గుర్తు పెడితే ప్రపంచంలో ఎవరైనా మీ పేరుతో పంపవచ్చని రాసిచ్చినట్టే. ఇలాంటివి ఇంకా ఉన్నాయి! మైనస్ గుర్తయితే జాబితాలో లేనివాళ్లను తిరస్కరించమని, టిల్డ గుర్తయితే అనుమానించమని. డీమార్క్ పెట్టే ఉద్దేశం ఉంటే టిల్డ మేలు. ఎందుకంటే మైనస్ చూసిన కొన్ని సర్వర్లు కవరు దగ్గరే మెయిల్ తిప్పి కొడతాయి, లోపలి సంతకం (డీకిమ్) చూసే దాకా పోవు.

ఎస్‌పీఎఫ్‌కు పుట్టుకతో వచ్చిన బలహీనత ఫార్వర్డింగ్. పాత విద్యార్థి తన కాలేజీ చిరునామాకు వచ్చేవన్నీ జీమెయిల్‌కు మళ్లించుకున్నాడనుకోండి. జీమెయిల్‌కు కనిపించేది కాలేజీ సర్వర్ ఐపీ. అసలు పంపినవాళ్ల జాబితాలో అది ఉండదు, ఎస్‌పీఎఫ్ ఫెయిల్.

అందుకే డీకిమ్. ఇది లక్క ముద్ర లాంటిది. పంపే సర్వర్ ‘ఫ్రమ్’, ‘సబ్జెక్ట్’, తేదీ లాంటి హెడర్లనూ లోపలి సంగతినీ కలిపి రహస్య తాళంతో సంతకం చేస్తుంది, దాన్ని సరిచూసే బహిరంగ తాళాన్ని డొమైన్ యజమాని డీఎన్‌ఎస్‌లో పెడతాడు. దారిలో ఎన్ని చేతులు మారినా, లోపల అక్షరం మారకపోతే ముద్ర చెక్కుచెదరదు. మధ్యలో ఎవరైనా సబ్జెక్టుకు బ్రాకెట్లో పేరు తగిలించినా, అడుగున నాలుగు లైన్ల ప్రకటన చేర్చినా పగిలిపోతుంది.

తాళం పొడవు చిన్న విషయం కాదు. 2012లో బయటికి వచ్చిన సంగతి ఇది. జాకరీ హారిస్ అనే అమెరికన్ గణితవేత్తకు గూగుల్ నుంచి ఉద్యోగం ఉందంటూ మెయిల్ వచ్చింది. నిజమేనా అని చూస్తే సంతకం 512 బిట్ల తాళంతో చేసి ఉంది. ఇది తనకు పెట్టిన పరీక్ష కాబోలనుకుని, ఆ తాళం ఛేదించి, గూగుల్ స్థాపకుల్లో ఒకరైన సెర్గీ బ్రిన్ పేరుతో రెండో స్థాపకుడు లారీ పేజ్‌కు మెయిల్ పంపాడు. జవాబు రాలేదు గానీ రెండు రోజుల్లో గూగుల్ తాళం 2048 బిట్లకు మారిపోయింది. ఇప్పుడు 1024 కంటే తక్కువ పనికిరాదు, 2048 వాడమనే ప్రమాణం చెబుతోంది. ఇక్కడే చాలామంది తడబడతారు. 2048 బిట్ల తాళం 392 అక్షరాల చాంతాడు. డీఎన్‌ఎస్‌లో ఒక టెక్స్ట్ ముక్కకు 255 అక్షరాలే పరిమితి. రెండు ముక్కలుగా, విడివిడి కొటేషన్లలో, ఒకే రికార్డుగా పెట్టాలి. కొన్ని డొమైన్ ప్యానెళ్లు ఆ ముక్కలు వాటంతటవే చేస్తాయి, కొన్ని చప్పుడు చేయకుండా 255 దగ్గర కోసేస్తాయి. సేవ్ చేశాక మళ్లీ తెరిచి చివరి పది అక్షరాలు సరిచూసుకోవడం తప్పనిసరి. రికార్డు పేరు దగ్గర ఇంకో గుంత ఉంది. చాలా ప్యానెళ్లు మీ డొమైన్ పేరును చివర వాటంతటవే తగిలిస్తాయి. మీరు కూడా పూర్తిగా టైపు చేస్తే డొమైన్ పేరు రెండుసార్లు పడి, ఆ రికార్డు ఎవరికీ కనిపించదు.

గూగుల్ వర్క్‌స్పేస్ వాడేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. అడ్మిన్ కన్సోల్లో తాళం తయారుచేసి, డీఎన్‌ఎస్‌లో పెట్టి, పని అయిపోయిందనుకుంటారు. వెనక్కి వచ్చి ‘స్టార్ట్ ఆథెంటికేషన్’ నొక్కే దాకా మీ ముద్ర పడదు. అప్పటి వరకూ గూగుల్ తన సొంత డొమైన్ ముద్ర వేసి పంపుతుంది. పరీక్షలో ‘డీకిమ్ పాస్’ అనే వస్తుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. ముద్ర ఉన్నమాట నిజమే, అది మీది కాదు.

ముద్ర ఎవరిది అన్న ఈ ప్రశ్నే డీమార్క్ అడుగుతుంది. ఎస్‌పీఎఫ్ పాసైనా డీకిమ్ పాసైనా, పాసైన ఆ డొమైనూ ‘ఇట్లు’ కింది డొమైనూ ఒకటేనా అని చూస్తుంది. రెంటిలో ఒకటి కుదిరితే చాలు. ఏదీ కుదరకపోతే ఏం చేయాలో డొమైన్ యజమానే చెబుతాడు. నన్ అంటే ఏమీ చేయొద్దు, క్వారంటైన్ అంటే స్పామ్‌లో వేయి, రిజెక్ట్ అంటే గడప తొక్కనీయకు. ఇది లేకపోతే మొదటి రెండూ ఉన్నా పెద్ద ప్రయోజనం లేదు. మోసగాడు తన సొంత డొమైన్‌కు చక్కగా ఎస్‌పీఎఫ్, డీకిమ్ పెట్టుకుని, ‘ఇట్లు’ దగ్గర మీ బ్యాంకు పేరు రాస్తే రెండు పరీక్షలూ ఫస్ట్ క్లాసులో పాస్.

రిజెక్ట్ పనిచేస్తుందా అంటే, డీమార్క్ పుట్టకముందే రుజువైంది. పేపాల్, ఈబే తమ మెయిళ్లన్నిటికీ సంతకం చేస్తామని మాట ఇచ్చాక, 2008లో జీమెయిల్ ఆ రెండు పేర్లతో సంతకం లేకుండా వచ్చేవాటిని స్పామ్ ఫోల్డరులో కూడా వేయకుండా పారేయడం మొదలుపెట్టింది. ఆ ఒప్పందం రెండు మూడు కంపెనీల మధ్య. అదే పని ఎవరైనా చేసుకునేలా 2012లో డీమార్క్ బయటికి వచ్చింది, 2015 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 7489 అయింది.

మరి నన్ దగ్గరే ఎందుకు ఆగిపోతారు? భయం. రిజెక్ట్ పెడితే మన మెయిళ్లే పోతాయేమోనని. భయం ఉత్తినే పుట్టింది కాదు. 2014 ఏప్రిల్‌లో యాహూ ఉన్నట్టుండి రిజెక్ట్ పెట్టేసరికి, యాహూ చిరునామాలతో మెయిలింగ్ లిస్టుల్లో (ఒక చిరునామాకు రాస్తే సభ్యులందరికీ చేరేవి) రాసేవాళ్ల ఉత్తరాలు ఎక్కడికక్కడ తిరిగొచ్చాయి. ఆ తర్వాత లిస్టు సాఫ్ట్‌వేర్లు ‘ఫ్రమ్’ దగ్గర తమ చిరునామా పెట్టుకోవడం నేర్చుకున్నాయి. యాహూ చేసిన పొరపాటు మీరు చేయనక్కర్లేదు, ఎందుకంటే ముందు నన్ పెట్టి చూసుకునే వెసులుబాటు అందుకే ఉంది. నన్ అనేది చూసుకోవడానికి ఇచ్చిన గడువు. మనవాళ్లు దాన్నే గమ్యం చేసుకున్నారు.

ఒక ఇంజనీరింగ్ కాలేజీని ఊహించుకోండి. ‘అండర్‌స్కోర్ డీమార్క్’ పేరుతో రికార్డు పెట్టి, అందులో ‘రువా’ దగ్గర నివేదికలు ఎక్కడికి రావాలో ఒక చిరునామా ఇచ్చారు. ప్రిన్సిపాల్ చిరునామా ఇవ్వకండి. రోజుకు డజన్ల కొద్దీ జిప్ ఫైళ్లు వస్తాయి. విడిగా ఒక మెయిల్‌బాక్సు పెట్టండి. అది వేరే డొమైన్‌లో ఉంటే, ఆ డొమైన్‌వాళ్లు కూడా మీ నివేదికలు తీసుకుంటామని డీఎన్‌ఎస్‌లో రాయాలి. లేకపోతే ఒక్కటీ రాదు. ‘రిపోర్టులు రావడం లేదండీ, అంటే సమస్యల్లేనట్టే’ అని సంబరపడేవాళ్లు సాధారణంగా ఇక్కడే దొరుకుతారు.

నివేదిక విప్పితే ఎక్స్‌ఎమ్‌ఎల్. ఒక్కో వరుసలో ఒక ఐపీ, ఆ రోజు దాన్నుంచి వచ్చిన మెయిళ్ల లెక్క, రెండు పరీక్షల ఫలితం. 203.0.113.25 అనే ఐపీ నుంచి 412 మెయిళ్లు, ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, డీమార్క్ రెండు చోట్లా ఫెయిల్ అని ఉందనుకుందాం. కొత్తవాళ్లు ఇది చూసి బుర్ర గోక్కుంటారు. కింద చూస్తే పాసైన డొమైన్ వార్తాలేఖలు పంపే కంపెనీది. అంటే 412 మంది తల్లిదండ్రులకు వెళ్లిన సర్క్యులర్ అసలైనదే. కవరు మీదా ముద్ర మీదా ఆ కంపెనీ పేరుంది, ‘ఇట్లు’ మీద కాలేజీ పేరుంది. ఆ కంపెనీ సెట్టింగుల్లో ‘డొమైన్ ఆథెంటికేషన్’ దగ్గర ఇచ్చే రెండు మూడు సీనేమ్ రికార్డులు (ఒక పేరును ఇంకో పేరు వైపు మళ్లించేవి) డీఎన్‌ఎస్‌లో పెడితే ముద్ర కాలేజీది అవుతుంది, వరుస పచ్చబడుతుంది.

ఇలా ఒక్కో వరుసా తవ్వితే కాలేజీకి తెలియని కాలేజీ బయటపడుతుంది. లైబ్రరీ సాఫ్ట్‌వేర్ గడువు దాటిన పుస్తకాలకు రిమైండర్లు పంపుతూ ఉంటుంది. సర్వర్ గదిలో మూల నున్న స్కానర్ పీడీఎఫ్‌లు పంపుతుంది. వెబ్‌సైటులోని ‘సంప్రదించండి’ ఫారం అయితే ఇంకా ఘోరం, అడ్మిషన్ గురించి అడిగిన విద్యార్థి జీమెయిల్ చిరునామానే ‘ఫ్రమ్’ దగ్గర పెట్టి తన హోస్టింగ్ సర్వర్ నుంచి పంపుతుంది. జీమెయిల్ దృష్టిలో అది ఫోర్జరీ. ‘ఫ్రమ్’ దగ్గర కాలేజీ చిరునామా పెట్టి, విద్యార్థిది ‘రిప్లై టు’లో పెట్టాలి. ఫారం రాసిన కుర్రాడికి పది నిమిషాల పని.

నెలాఖరు, ఫీజుల సమయం, ఫలితాల సమయం తప్పకుండా కలిసేలా ఆరు నుంచి ఎనిమిది వారాలు చూడండి. తెలిసిన వరుసలన్నీ పచ్చబడ్డాక మిగిలేవి ముక్కూమొహం తెలియని ఐపీలు. అవే ఫోర్జరీలు. అప్పుడు క్వారంటైన్. ఇంకో రెండు మూడు వారాలు ఎవరూ గొల్లుమనకపోతే రిజెక్ట్. మధ్యలో డీఎన్‌ఎస్ రికార్డుల టీటీఎల్ (మిగతా సర్వర్లు వాటిని ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే గడువు) 300 సెకన్లకు తగ్గించి ఉంచితే, తప్పు దొర్లినా చాలావరకు ఐదు నిమిషాల్లో వెనక్కి తిప్పుకోవచ్చు.

‘స్పామర్లు కూడా ఈ మూడూ పెట్టుకుంటారు కదా, ఇక లాభమేమిటి’ అని అడుగుతారు. పెట్టుకుంటారు, కొందరు మనకంటే శుభ్రంగా. పెట్టుకోనివ్వండి. గుర్తింపు తేలడమంటే మంచివాడని తేలడం కాదు. ఆ పేరు మీద ఖాతా తెరవడం. మంచీచెడూ ఆ ఖాతాలోనే పడతాయి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పెట్టిన నిబంధనల్లో తెలివంతా ఇక్కడే ఉంది. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5000 పైచిలుకు పంపేవాళ్లకు మూడూ తప్పనిసరి. దాంతోపాటు స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. 5000 మందిలో 15 మంది ‘స్పామ్’ బటన్ నొక్కితే గీతకు చేరినట్టే. పేరు నిజమని తేలనప్పుడు ఆ 15 ఫిర్యాదులు ఎవరి ఖాతాలో రాయాలి? నిబంధనలు వచ్చిన ఏడాదే గుర్తింపు లేని మెయిళ్లు 65 శాతం తగ్గాయని గూగుల్ ప్రకటించింది. 2025 మేలో మైక్రోసాఫ్ట్ కూడా అవుట్‌లుక్‌కు అదే 5000 గీత గీసింది. ఇంతా చేసి నిబంధన అడిగే డీమార్క్‌కు నన్ ఉన్నా చాలు. అక్కడే నాకు కినుక.

ఈ మూడూ ఆపలేనిది ఒకటుంది. పేరును పోలిన పేరు. బ్యాంకు పేరులో ఒక అక్షరం మార్చి, మధ్యలో ఒక గీత పెట్టి కొన్న డొమైన్‌కు అన్ని పరీక్షలూ పాసవుతాయి, ఎందుకంటే అది నిజంగానే వాడిది. రిజర్వ్ బ్యాంక్ దీనికి వేరే దారి పట్టింది. 2025 ఏప్రిల్ ఉత్తర్వుతో బ్యాంకులన్నీ అక్టోబరు 31లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ డొమైన్లకు మారాలంది. వాటిని రిజిస్టర్ చేసే ఏకైక సంస్థ మన హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఉన్న, రిజర్వ్ బ్యాంకే నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ. బ్యాంకు కానివాడికి ఆ తోక దొరకదు. డీమార్క్ పేరు దొంగతనాన్ని ఆపితే, ఇది పోలికల వేషాన్ని ఆపుతుంది. ఒకటి లేకుండా రెండోది సగమే.

ఇక అందుకునేవాళ్ల సంగతి. ఆఫర్ లెటర్ వచ్చిందని, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నారని కుర్రాళ్లు చూపించే మెయిళ్లలో, ఫోన్ చూపేది కంపెనీ పేరు ఒక్కటే. ఆ పేరు ఎవడైనా టైపు చేసుకోవచ్చు. కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి, మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కి, ‘షో ఒరిజినల్’ చూడండి. పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడు వరుసలు, ఎదురుగా పాస్ లేదా ఫెయిల్. పాస్ అని ఉన్నంత మాత్రాన సంబరపడకుండా డీకిమ్ వరుసలో ‘విత్ డొమైన్’ తర్వాత ఉన్న పేరు అక్షరం అక్షరం చదవాలి.

సర్వీసు మానేసినప్పుడు దాని ఇంక్లూడ్ తీసేయడం మరిచిపోతారు. ఆ కంపెనీ మూతపడి డొమైన్ గడువు తీరితే ఎవడో కొనుక్కుంటాడు, మీ ఎస్‌పీఎఫ్ వాడికి ఆహ్వానం పలుకుతుంది. 2024 ఫిబ్రవరిలో గార్డియో ల్యాబ్స్ అనే సైబర్ భద్రతా సంస్థ బయటపెట్టిన వ్యవహారంలో ఇలా వదిలేసిన పేర్లను వాడుకుని 8000 పైగా డొమైన్ల మీద స్పామ్ నడిచింది.

అన్నిటికంటే తేలికైన పని, ఎవరూ చేయనిది, వాడని డొమైన్ల సంగతి. డాట్ కామ్ వాడుతూ, పక్కవాడు కొంటాడేమోనని డాట్ ఇన్, డాట్ ఆర్గ్ కూడా కొని పెట్టుకున్నవాళ్లు బోలెడు మంది. వాటినుంచి మెయిల్ వెళ్లదు కాబట్టి విరిగిపోయేది ఏమీ లేదు, నివేదికలు చదవక్కర్లేదు, వారాలు ఆగక్కర్లేదు. ఎస్‌పీఎఫ్‌లో ఒక్క ‘మైనస్ ఆల్’, డీమార్క్‌లో నేరుగా రిజెక్ట్, మెయిల్ ఏ సర్వర్‌కు చేరాలో చెప్పే ఎమ్‌ఎక్స్‌లో ప్రాధాన్యం 0, పేరు దగ్గర ఒక చుక్క. మూడు లైన్లు, డొమైన్‌కు పావుగంట.